పాత క్యాసెట్టు దొరికిందా? ప్లే నొక్కకముందే చేయాల్సిన పనులు

అటక మీది ట్రంకు పెట్టెలోనో, టీవీ స్టాండు కింది అరలోనో పాత క్యాసెట్టు కనబడగానే ఎవరి చెయ్యైనా ముందు టూ-ఇన్-వన్ మీదికే పోతుంది. దుమ్ము దులిపి, క్యాసెట్టు తోసి, ప్లే నొక్కేస్తారు. పాతికేళ్లు పెట్టెలో క్షేమంగా ఉన్న క్యాసెట్టు ఆ ఒక్క నిమిషంలో పాడవుతుంది. లోపలి రీలు ఇంకా బాగానే ఉన్నా, ఇన్నాళ్లూ తిరగని మెషీనులో రబ్బరు చచ్చిపోయి ఉంటుంది. అందుకని పని వరస ఇలా పెట్టుకోండి: ముందు క్యాసెట్టుని చూడటం, తర్వాత చేత్తో తిప్పడం, ఆ తర్వాత మెషీను శుభ్రం చేసి ఇంకో పనికిరాని క్యాసెట్టుతో పరీక్షించడం, అన్నిటికన్నా చివర ప్లే.

అసలు ఏ క్యాసెట్టు కోసం ఇంత కష్టపడాలో ముందే తేల్చుకోండి. సినిమా పాటలవి, భక్తి పాటలవి షాపులో కొన్నవైతే వాటి కోసం ఆదివారం పాడుచేసుకోనక్కర్లేదు. అవి ఇంకెక్కడైనా దొరుకుతాయి. అలాగని పారేయకండి, విడిభాగాలకీ మెషీను పరీక్షకీ అవే దిక్కు. తాతగారు పాడిన పద్యాలు, ఊరి గుళ్లో చెప్పిన హరికథ, పెళ్లిలో పట్టిన సన్నాయి, దుబాయి నుంచి ఉత్తరానికి బదులు మాట్లాడి పంపిన క్యాసెట్టు, ఇలాంటివాటికి లోకంలో రెండో కాపీ ఉండదు. కింద చెప్పేదంతా వాటి గురించే.

దగ్గర పెట్టుకోవాల్సినవి

చిన్న స్టార్ స్క్రూడ్రైవరు, కొత్త బ్లేడు, ఆరు పలకల పెన్సిలు, చెవిలో పెట్టుకునే దూది పుల్లలు, 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాలు (ఎలక్ట్రానిక్స్ విడిభాగాల షాపులో ఐపీఏ అని అడిగితే ఇస్తారు), క్యాసెట్టు రీలు వెడల్పుకి సరిపోయే స్ప్లైసింగ్ టేపు (తెగిన రీలుని అతికేది), స్క్రూలతో బిగించిన పాత క్యాసెట్టు ఒకటి. ఆల్కహాలుకి బదులు శానిటైజర్ జెల్ వాడొద్దు, అందులోని గ్లిజరిన్ జిడ్డు హెడ్డు (రీలు మీది శబ్దాన్ని చదివే భాగం) మీద మిగిలిపోతుంది. గోళ్ల రంగు తుడిచే ద్రవం, పెట్రోలు ప్లాస్టిక్కునీ రబ్బరునీ తినేస్తాయి.

ముందు కళ్లతో చూడండి

లేబులు మీవైపు, రీలు బయటికి కనిపించే అంచు కిందికి ఉండేలా పట్టుకోండి. పైఅంచున ఎడమ మూల చిన్న ప్లాస్టిక్ రెక్క ఉంటుంది. అది మీరు చూస్తున్న సైడుకి కాపలా. ఇంకా ఉంటే ఇప్పుడే స్క్రూడ్రైవరుతో విరిచేయండి, తిప్పి రెండో సైడుది కూడా. రెక్క లేకపోతే మెషీనులో రికార్డు మీట దిగదు. ప్లే బదులు పొరపాటున రికార్డు నొక్కి చెరిపేసుకున్న ఇళ్లు తక్కువేమీ కాదు. ఒకప్పుడు దీనికి తిరగేసిన విద్య ఉండేది: కొన్న క్యాసెట్టు మీద కొత్త పాటలు ఎక్కించాలంటే ఆ కన్నం మీద సెల్లో టేపు ముక్క అంటించేవాళ్లు.

ఇప్పుడు కిటికీలోంచి రీలు చుట్ట అంచు చూడండి. నున్నగా, గ్రామఫోను రికార్డులా ఒకే తలంగా ఉండాలి. అక్కడక్కడ పొరలు గట్టులా పైకి లేచి ఉంటే చుట్టడం సమంగా లేదన్నమాట. అలాంటిది తిరిగేటప్పుడు బాడీకి రాసుకుని బిగుసుకుంటుంది. తెల్లగా బూజులాంటి పొడి కనబడితే అది బూజే. కోస్తా ఊళ్లలో, గోడలు చెమ్మగిల్లే ఇళ్లలో దాచినవాటిలో ఇది మామూలు. బూజు పట్టినదాన్ని ఏ మెషీనులోనూ పెట్టకండి, ఒకదాని నుంచి పది క్యాసెట్లకి అంటుకుంటుంది. ముక్కుకి మాస్కు కట్టుకుని, ఆరుబయట బాడీ విప్పి, చుట్ట అంచుల్ని పొడి దూదితో తుడిచి, తర్వాత మెత్తటి గుడ్డ మధ్యనుంచి రీలుని నెమ్మదిగా లాగుతూ రెండో చక్రానికి చుట్టాలి.

చివరగా కింది అంచు మధ్యలో చూడండి. రీలు వెనకాల సన్నటి రాగిరంగు స్ప్రింగు పట్టీ, దాని మీద గోరంత ఫెల్టు ముక్క కనిపించాలి. రీలుని హెడ్డుకి అదిమి ఉంచేది ఆ ప్రెషర్ ప్యాడే. దాని జిగురు ఎండిపోయి ఊడిపోవడం పాత క్యాసెట్లకి సహజం. ప్యాడ్ లేని క్యాసెట్టు తిరుగుతుంది గానీ శబ్దం సన్నగా, మందంగా, వస్తూపోతూ ఉంటుంది. హెడ్డు పాడైందని మెషీను విప్పేముందు ఇది చూసుకోండి.

పెన్సిలు పని

పెన్సిలుని చక్రం పళ్లలో కొంచెం వాలుగా దూర్చి తిప్పాలి. ఏ వైపుకి అన్నది ముఖ్యం. లేబులు మీవైపు, రీలు అంచు కిందికి ఉన్నప్పుడు రీలు ఎడమ చక్రం నుంచి కుడి చక్రానికి పోతుంది. కుడి చక్రాన్ని గడియారం ముల్లుకి ఎదురుగా తిప్పితే వదులు బిగుస్తుంది. ఎడమదాన్నైతే గడియారం ముల్లు తిరిగే వైపుకే తిప్పాలి. తిరగేసి తిప్పితే రీలు వదులై లోపల ఉచ్చులు పడుతుంది.

చేత్తో తిప్పడం వల్ల తెలిసేది మెషీను చెప్పదు. చక్రం ఒకే బరువుతో సాఫీగా తిరిగితే సరే. ఒక చోట పట్టేసినట్టు ఆగితే బలవంతం చేయకండి. క్యాసెట్టుని వెల్లకిలా అరచేతి మీద రెండు మూడుసార్లు గట్టిగా తట్టండి, లేచిన పొరలు సర్దుకుంటాయి. ఇంకా ఆగుతుంటే బాడీ విప్పాల్సిందే. సాఫీగా తిరిగేదాన్ని తర్వాత బాగున్న మెషీనులో ఒకసారి చివరికంటా ఫాస్ట్ ఫార్వర్డ్ చేసి, మళ్లీ మొదటికి తెచ్చి, అప్పుడు వినండి. ఏళ్ల తరబడి ఒకే చుట్టుగా ఉన్న పొరలు విడివడి, బిగువు సమానమవుతుంది.

మెషీను సంగతి

క్యాసెట్టు తలుపు తీసి ప్లే నొక్కితే మధ్యలో మెరిసే హెడ్డు, దాని కుడివైపు సన్నటి ఉక్కు కడ్డీ (క్యాప్‌స్టన్), దానికి ఆనుకునే నల్ల రబ్బరు చక్రం (పించ్ రోలర్) కనిపిస్తాయి. రీలుని సెకనుకి 4.76 సెంటీమీటర్ల వేగంతో లాగేది ఆ కడ్డీ, రబ్బరు చక్రమే. కుడివైపు కుదురు (క్యాసెట్టు చక్రంలో దూరి దాన్ని తిప్పేది) వచ్చిన రీలుని చుట్టుకుంటుంది, అంతే.

రీలు నమిలేయడం ఇక్కడే మొదలవుతుంది. కడ్డీ లాగుతూనే ఉంటుంది, కుడి కుదురు తిరగదు. లాగిన రీలుకి పోయే చోటు లేక రబ్బరు చక్రం చుట్టూ మెలిపడుతుంది. కుదురు ఎందుకు తిరగదంటే, బెల్టు సాగిపోయి జారుతుంది కాబట్టి. పరీక్ష తేలికే: క్యాసెట్టు లేకుండా ప్లే నొక్కి కుడి కుదురుని రెండు వేళ్లతో మెల్లగా పట్టుకోండి. వేళ్లని లాగుతున్నట్టు తెలియాలి, వదలగానే తిరగాలి. ముట్టుకుంటేనే ఆగిపోతే ఆ మెషీనులో మీ క్యాసెట్టు పెట్టకండి.

బెల్టు మార్చడం పెద్ద విద్య కాదు. వెనక మూత తీసి, మోటారు కప్పీ నుంచి ఫ్లైవీలు (కడ్డీని తిప్పే బరువైన చక్రం) దాకా బెల్టు నడిచే దారంతా ఒక దారం చుట్టి కొలవండి. కొత్త బెల్టు చుట్టుకొలత దానికన్నా సుమారు 5 శాతం తక్కువ ఉండాలి. పాత బెల్టునే కొలిచి కొంటే అది సాగిన కొలత, కొత్తది కూడా జారుతుంది. మరీ బిగుతుదేస్తే మోటారు మీద బరువు పడి వేగం తగ్గుతుంది. కొన్ని మెషీన్లలో పాత బెల్టు తారులా కరిగి కప్పీకి అంటుకుని ఉంటుంది. ఆ నల్ల జిడ్డుని ఐపీఏతో పూర్తిగా తుడిచాకే కొత్తది వేయండి. వేళ్లకి అంటితే రెండ్రోజులు పోదు, పాత గుడ్డ దగ్గరుంచుకోండి.

తర్వాత హెడ్డు శుభ్రం. దూది పుల్లని ఐపీఏలో తడిపి, పిండి, హెడ్డు ముఖం మీద అటూ ఇటూ రుద్దండి. గోధుమరంగు వస్తుంది, అది పాత రీళ్ల నుంచి రాలిన ఐరన్ ఆక్సైడు. దూది తెల్లగా వచ్చేదాకా మార్చి మార్చి తుడవాలి. కడ్డీని మాత్రం నిర్లక్ష్యం చేయకండి. దాని మీద గట్టిపడిన సన్నటి గోధుమరంగు గీత కనిపిస్తే దూది చాలదు, ఐపీఏతో నానబెట్టి చెక్క టూత్‌పిక్‌తో గీకండి. ఆ గీత వల్లే పాట వణుకుతుంది. రబ్బరు చక్రానికి ఆల్కహాలు ఎక్కువైతే గట్టిపడుతుంది కాబట్టి సబ్బునీళ్లలో తడిపిన గుడ్డ, తర్వాత పొడి గుడ్డ. కుట్టుమిషను నూనె ఇక్కడెక్కడా వేయకండి, కడ్డీ మీద ఒక్క చుక్క పడ్డా రబ్బరు జారి వేగం పోతుంది.

అంతా అయ్యాక పనికిరాని సినిమా పాటల క్యాసెట్టు ఒక సైడు పూర్తిగా ఆడించండి. అరగంట నమలకుండా ఆడితే ఆ మెషీనుని నమ్మొచ్చు. ఈమధ్య దొరికే చవక యూఎస్‌బీ ప్లేయర్లకన్నా, బెల్టు మార్చిన పాత మంచి డెక్కే నయం. చవకవాటిలో ఫ్లైవీలు మరీ తేలిక, సన్నాయి వింటే స్వరం ఊగడం వెంటనే తెలిసిపోతుంది.

ఇన్ని చూసుకున్నా చుట్టుకుపోతే ముందు ప్లగ్గు పీకండి. ఎజెక్టు నొక్కి క్యాసెట్టుని లాగొద్దు, లాగితే రీలు సాగుతుంది. తెగినదాన్ని అతకవచ్చు, సాగినదాన్ని బాగుచేయలేం. రబ్బరు చక్రాన్ని వేలితో వెనక్కి తిప్పుతూ, చిక్కు వదిలినకొద్దీ రీలుని ముందుకు లాక్కోండి. బయటికొచ్చాక నలిగిన చోటుని అద్దం మీద పరిచి, మెరిసే వైపు నుంచి మెత్తటి గుడ్డతో నిమిరితే చాలావరకు సర్దుకుంటుంది. ఇస్త్రీపెట్టె జోలికి పోకండి.

బాడీ విప్పడం

బాడీకి 5 స్క్రూలుంటే అదృష్టం. క్యాసెట్టుని బల్ల మీద పడుకోబెట్టి, కింద తెల్ల కాగితం పరిచి, స్క్రూలు తీసి, పైసగాన్ని నిటారుగా నెమ్మదిగా ఎత్తండి. ఎత్తిన వెంటనే ఫోనుతో ఫొటో తీసుకోండి, తిరిగి పెట్టేటప్పుడు అదే పటం.

లోపల కనిపించేవి: రెండు చక్రాలు, రెండు మూలల్లో మేకుల మీద తిరిగే చిన్న రోలర్లు, మధ్యలో ప్రెషర్ ప్యాడ్, దాని వెనక చిన్న లోహపు రేకు, పైనా కిందా ఒక్కో పల్చటి నున్నని కాగితం. దొర్లిపోయేవి రోలర్లు, ఎగిరిపోయేది ప్యాడ్ స్ప్రింగు. ముందు వాటినే పట్టుకోండి. ఆ కాగితాలు పనికిరానివని తీసేయకండి, అవి లేకపోతే రీలు బాడీకి రాసుకుంటుంది.

స్క్రూలు లేకుండా అతికించిన బాడీ అయితే పైఅంచు కీలులో, రీలుకి దూరంగా, బ్లేడు దించి కొద్దికొద్దిగా విడగొట్టండి. బాడీ పగిలినా చింత లేదు. రెండు చక్రాల్ని రీలుతో సహా ఒకేసారి రెండు చేతుల వేళ్లతో ఎత్తి, స్క్రూలున్న ఖాళీ బాడీలోకి మార్చేయండి. ప్యాడ్ ఊడినప్పుడు కూడా ఇదే మందు. కొత్త ఫెల్టు అంటించే తంటా కన్నా బాడీ మార్చడం పది నిమిషాల్లో అయిపోతుంది.

మూత పెట్టేముందు రీలు దారి చూసుకోండి: ఎడమ చుట్ట, ఎడమ మూల రోలర్ బయటినుంచి, ప్యాడ్ ముందునుంచి, కుడి మూల రోలర్ బయటినుంచి, కుడి చుట్ట. ఎక్కడా మెలిక ఉండకూడదు. ఒక్క మెలిక పడిందో, రీలు వీపు హెడ్డుకి తగులుతుంది. అప్పుడు బి సైడు మాటలు వెనకనుంచి ముందుకి, దుప్పటి కప్పుకుని మాట్లాడినట్టు వినిపిస్తాయి. ఆ శబ్దం విన్నారంటే ఇంకేమీ వెతకొద్దు, మెలికే. స్క్రూలు మూలమూలగా బిగించండి. మరీ గట్టిగా తిప్పితే బాడీ వంగి చక్రాలు పట్టేస్తాయి, పెన్సిలుతో తిప్పి చూశాకే మెషీనులో పెట్టండి.

తెగిన రీలు అతకడం

రీలు ఎక్కువగా తెగేది కొసలో, గోధుమరంగు రీలుకి లీడర్ అనే రంగులేని ముక్క కలిసే అతుకు దగ్గర. రివైండు చివర గట్టిగా ఆగినప్పుడు ఆ కుదుపంతా దాని మీదే పడుతుంది. లీడర్ మీద రికార్డింగు ఉండదు కాబట్టి నష్టం లేదు. ఒక్కోసారి తెగకుండా చక్రం నుంచే ఊడివస్తుంది. చక్రం అంచున చిన్న ప్లాస్టిక్ బిళ్ల ఉంటుంది, దాన్ని వెలికితీసి, లీడర్ కొసని గాడి మీద పరిచి, బిళ్లని తిరిగి నొక్కితే పట్టేస్తుంది.

మధ్యలో తెగితే ఒక లెక్క గుర్తుపెట్టుకోండి. ఒక సెకను అంటే 4.76 సెంటీమీటర్లు. ‘అమ్మా’ అన్న పిలుపుకి అర సెకను పట్టిందనుకుంటే రీలు మీద దాని పొడవు రెండున్నర సెంటీమీటర్లు కూడా ఉండదు. పైగా రెండు సైడులూ ఒకే రీలు మీద పక్కపక్కనే ఉంటాయి, ఇక్కడ కోసిన ముక్క అటువైపు కూడా పోతుంది. అందుకని నలిగిందని కోయకండి, తెగినచోట మాత్రం ఎంత తక్కువ వీలైతే అంతే కోయండి.

1. చేతులు సబ్బుతో కడిగి ఆరబెట్టుకోండి. తలనూనె అంటిన వేలు చాలు, అతుకు నిలవదు.

2. రెండు కొసల్నీ నలగని చోట ఒకదాని మీద ఒకటి అర సెంటీమీటరు పేర్చి, రెండింటినీ కలిపి ఒకే కోతతో 45 డిగ్రీల వాలుగా కోయండి. నిలువుగా కోస్తే అతుకు హెడ్డు మీదినుంచి పోయేటప్పుడు ‘టప్’ మంటుంది. బ్లేడుకి అయస్కాంతం పట్టి ఉన్నా అదే శబ్దం వస్తుంది, స్పీకరు పక్కన పెట్టిన బ్లేడు వాడకండి.

3. తుంటలు తీసేసి, కొసలు ఒకదానికొకటి ఆనేలా పెట్టండి. సందు ఉండకూడదు, ఒకదాని మీద ఒకటి ఎక్కకూడదు. సందు ఉంటే జిగురు అందులోంచి హెడ్డుకి అంటుతుంది.

4. స్ప్లైసింగ్ టేపు ఒకటిన్నర నుంచి రెండు సెంటీమీటర్ల ముక్క తీసుకుని రీలు వీపున అంటించండి. వీపు ఏదంటే, క్యాసెట్టులో లోపలికి, ప్యాడ్ వైపుకి తిరిగి ఉండేది. బయటికి కనిపించే ముఖం మీద రికార్డింగు ఉంటుంది, దాని మీద ఏదీ అంటించకూడదు.

5. పైన కాగితం వేసి గోరుతో రుద్దండి. అతుకు టేపు పక్కకి వెంట్రుకవాసి వచ్చినా బ్లేడుతో కోసేయండి.

రీలు వెడల్పు 3.81 మిల్లీమీటర్లే, కాబట్టి మామూలు సెల్లో టేపు సన్నగా కోసి అంటించాలనిపిస్తుంది. వద్దు. ఎండాకాలం దాని జిగురు కారి పక్క పొరకి అంటుకుంటుంది, మరుసటి ఏడు అదే చోట మళ్లీ తెగుతుంది. సీ-60 (రెండు సైడులూ కలిపి 60 నిమిషాల క్యాసెట్టు) రీలు మందం సుమారు 18 మైక్రాన్లు, సీ-90 అయితే 12, సీ-120 అయితే 9. క్యాసెట్టు నిడివి పెరిగినకొద్దీ రీలు పల్చబడుతుందన్నమాట. సీ-120ని ముట్టుకునేటప్పుడు ఫ్యాను కూడా ఆపేయండి.

కంప్యూటరులోకి ఎక్కించడం

ఇంటి రికార్డింగు మందంగా వినిపిస్తే రీలు పాతబడిందనుకోకముందు హెడ్డు వాలు సరిచూడండి. అది ఎక్కించిన మెషీనులో హెడ్డు ఏ వాలులో ఉందో ఇప్పటిదీ అదే వాలులో ఉండాలి. ప్లే అవుతుండగా హెడ్డు పక్కన స్ప్రింగు ఉన్న స్క్రూ కనిపిస్తుంది, చాలా మెషీన్లలో దానికోసమే ముందు చిన్న కన్నం ఉంటుంది. మొదట ఎక్కడుందో గుర్తు గీసుకుని, అర పావు చుట్టు మించకుండా అటూ ఇటూ తిప్పుతూ ‘స’, ‘ష’ అక్షరాలు వినండి. అవి ఎక్కడ అన్నిటికన్నా పదునుగా వినిపిస్తాయో అక్కడ ఆపండి. పని అయ్యాక గుర్తు దగ్గరికి తెచ్చేయండి. రెండోవైపు రంగు చుక్క పెట్టి బిగించిన స్క్రూని ముట్టుకోవద్దు.

మెషీను లైన్ అవుట్ నుంచి కంప్యూటరు లైన్ ఇన్‌కి తీగ వేయండి. ల్యాప్‌టాప్ మైకు కన్నంలో పెడితే శబ్దం పగులుతుంది, చిన్న యూఎస్‌బీ సౌండ్ కార్డు కొనుక్కోండి. హెడ్‌ఫోను కన్నం తప్ప వేరే దారి లేకపోతే వాల్యూము మూడో వంతు దగ్గర ఉంచండి. ఆడాసిటీ అనే రికార్డింగు సాఫ్ట్‌వేరు ఉచితం, చాలు. 48 కిలోహెర్ట్జ్, 24 బిట్, వేవ్ ఫైలు. అలా ఒక సీ-60 పూర్తిగా ఎక్కిస్తే సుమారు ఒక జీబీ అవుతుంది. అన్నిటికన్నా పెద్ద శబ్దం మైనస్ 6 డెసిబెల్స్ దాటకుండా చూడండి. ఒక్కో సైడు మొదటినుంచి చివరిదాకా ఆపకుండా ఎక్కించి, ఆ ఫైలుని అలాగే దాచండి. వెనకాల వినిపించే బుస్సుమనే శబ్దం తీసేయడం, కోయడం ఏదైనా దాని కాపీ మీదే. బుస్సు పూర్తిగా పోవాలని పట్టుబడితే గొంతు నీళ్లలోంచి వచ్చినట్టవుతుంది, కొంచెం ఉండనివ్వండి.

తాతగారి గొంతు చిన్నపిల్లాడి గొంతులా వస్తే, బ్యాటరీలు అయిపోవచ్చిన మెషీనులో రికార్డు చేశారన్నమాట. అప్పుడు నెమ్మదిగా తిరిగింది, ఇప్పుడు సరైన వేగంతో తిరుగుతోంది. ఆడాసిటీలో వేగం తగ్గిస్తే సరి. ఎంత తగ్గించాలో తెలుసుకోవడానికి ఒక ఉపాయం ఉంది. కరెంటు ఉన్న ఇంట్లో చేసిన రికార్డింగులో సన్నగా కరెంటు గుయ్యిమనే శబ్దం పడుతుంది, మన దేశంలో అది 50 హెర్ట్జ్. ఎవరూ మాట్లాడని చోట ఆడాసిటీతో స్పెక్ట్రమ్ (ఏ హెర్ట్జ్ దగ్గర ఎంత శబ్దం ఉందో చూపే పటం) గీయిస్తే అది 53 దగ్గర కనిపించిందనుకోండి, వేగం 6 శాతం ఎక్కువన్నమాట. సరిగ్గా 50 దగ్గర ఇంకో గీత కూడా ఉంటే అది ఇప్పటి మీ మెషీనుది, దాన్ని లెక్కలోకి తీసుకోకండి.

ఎక్కించాక క్యాసెట్టుని మధ్యలో ఆపి తీయకండి, ఒక కొసదాకా ఆడనిచ్చి అలాగే డబ్బాలో పెట్టండి. డబ్బాలు పుస్తకాల్లా నిలబెట్టి, స్పీకర్లకి దూరంగా, సిలికా జెల్ పొట్లంతో మూతబిగువు డబ్బాలో వేసి బీరువా నడి అరలో ఉంచండి. రేకుల కప్పు కింద అటక మీదికి మాత్రం మళ్లీ ఎక్కించొద్దు.